తిరిగి వచ్చిన అర్జీ: ఇంటి ఋణము నిరాకరించబడిన తరువాత

అమీర్‌పేటలో కంప్యూటరు పాఠములు చెప్పు శ్రోత ఒకరు ఇటీవల మాకు ఒక ఉత్తరము వ్రాసినారు. పంజాగుట్టలో, నిమ్స్ ఆసుపత్రికి పది నిమిషముల నడకలో, రెండు పడకగదుల పాత ఫ్లాటు ఒకటి ఆయనకు నచ్చినది. బయానా క్రింద 3 లక్షలు ఇచ్చి, బ్యాంకులో ఇంటి ఋణమునకు అర్జీ పెట్టినారు. మూడు వారములు గడచిన పిమ్మట బ్యాంకు నుండి ఒక ఫోను వచ్చినది. "సార్, మీ ఫైలు రిజెక్ట్ అయింది." అంతే. ఆయన కంగారుపడి, మైత్రీవనము ప్రక్క సందులో కూర్చుండు ఏజెంటు ఒకరిని ఆశ్రయించినారు. ఆ ఏజెంటు అదే కట్ట కాగితములను ఒకే వారములో నాలుగు చోట్ల దాఖలు చేసినాడు. నాలుగు చోట్ల నుండియు అదే జవాబు వచ్చినది. ఉత్తరము చివర శ్రోత అడిగిన ప్రశ్న ఇది: "మరల అర్జీ ఎప్పుడు పెట్టవలెను? ఆరు నెలలు ఆగవలెనా, సంవత్సరము ఆగవలెనా?"

ఇట్టి ప్రశ్న మాకు వచ్చుట ఇది మొదటి సారి కాదు. గడచిన మాసములో మేము చేసిన ప్రసంగమునకు ఇదియే మూలము. ఆ పాఠమునే కొంత విస్తరించి ఇచ్చట ఇచ్చుచున్నాము. "ఎప్పుడు" అను ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న ఉన్నది. బ్యాంకు దేనిని కాదన్నది? అర్జీదారునా, ఆయన తెచ్చిన కాగితములనా, లేక ఆయన కొనదలచిన ఇంటినా? ఈ మూడింటిలో ఏదో తెలియకుండ మరల అర్జీ పెట్టుట, చీటీలో మందు పేరు చదువకుండ రెండవ దుకాణమునకు పరుగెత్తుట వంటిది. మా మాటలో కొంత స్వానుభవము కూడ కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా అర్జీ కూడ ఇట్లే తిరిగి వచ్చినది. ఆ సంగతి ముందు చెప్పెదము.

మొదట కారణము సంగతి. ఫోనులో విన్న కారణము గాలికి పోవును. రిజర్వు బ్యాంకు 2003లో ఋణదాతలకు ఒక న్యాయవర్తన నియమావళిని ఏర్పరచినది. మొదట 2 లక్షల రూపాయల లోపు ఋణములకు మాత్రమే వర్తించిన ఒక నిబంధనను 2007 మార్చిలో అన్ని రకముల ఋణములకు, మొత్తముతో నిమిత్తము లేకుండ, విస్తరించినది. అర్జీని నిరాకరించినచో అందుకు దారితీసిన ముఖ్యకారణములను బ్యాంకు వ్రాతమూలకముగ తెలుపవలెను అనునదే ఆ నిబంధన. కనుక కారణము అడుగుట బ్యాంకువారిని బతిమాలుట కాదు. అర్జీ సంఖ్య, తేదీ వేసి, "నా అర్జీ నిరాకరణకు గల కారణములను వ్రాతపూర్వకముగ తెలుపగోరుచున్నాను" అని ఒక కాగితము వ్రాసి, శాఖలో ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకొన్న చాలును. ఈమెయిలుగ పంపినను సరిపోవును. ఏజెంటు ద్వారా వెళ్ళినవారు సైతము ఈ కాగితమును నేరుగ బ్యాంకుకే ఇయ్యవలెను. ఏజెంటుకు కారణముతో పని లేదు. ఆయనకు కావలసినది మంజూరు మీద వచ్చు కమీషను.

మా శ్రోత చేసిన పెద్ద పొరపాటు ఇచ్చటనే ఉన్నది. ఒకరు అర్జీ పెట్టిన ప్రతిసారి ఋణదాత ఆయన పరపతి నివేదికను తెప్పించుకొని చూచును. అట్లు చూచినట్లు ఆ నివేదికలోనే నమోదగును. వారము రోజులలో ఐదుగురు చూచినట్లు కనబడినచో, ఆరవవాడు, "ఇతనికి డబ్బు ఇంత తొందరగ ఎందుకు కావలసి వచ్చినది?" అని అనుమానించును. స్కోరు కూడ కొంత తగ్గును. మొదటి నిరాకరణకు అసలు కారణము ఇల్లు అయి ఉన్నను, ఈ పరుగుల వలన మనిషి మీద కూడ మచ్చ పడును.

ఈ పరపతి నివేదిక అనునది మన దేశమునకు కొత్తదే. సిబిల్ అను సంస్థ 2000 సంవత్సరములో స్థాపితమైనది. ఇట్టి సంస్థలకు ప్రత్యేక చట్టము 2005లో వచ్చినది. ఇప్పుడు సిబిల్ కాక ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను మరి మూడు సంస్థలు ఉన్నవి. స్కోరు 300 నుండి 900 వరకు ఉండును. అంతకు ముందు మన పెద్దల కాలములో ఈ పని మేనేజరు చూపే చేసెడిది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణములో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిన నాటి నుండి, నిజాము ప్రభుత్వము 1941లో స్థాపించిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు కాలము వరకు, తరువాత చాల దినముల వరకు కూడ, మేనేజరు అర్జీదారుని ముఖము, ఇల్లు, వీధి ఎరిగి ఉండెడివాడు. మొదటిది 2020లో యూనియన్ బ్యాంకులోను, రెండవది 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులోను కలిసిపోయినవి. ముఖము ఎరిగిన మేనేజరు పోయి అంకె వచ్చినది. ముఖము చూచి కాదనుటలో ఉండిన అన్యాయములు కూడ పోయినవి గనుక, పాతకాలమునకై మేము అంతగ కన్నీరు కార్చము. కాని అంకె తప్పుగ ఉన్నప్పుడు దానితో వాదించు దారి అర్జీదారునికి తెలిసి ఉండవలెను.

ఆ దారి ఉన్నది. ప్రతి సంస్థయు సంవత్సరమునకు ఒక పూర్తి నివేదికను ఉచితముగ ఇయ్యవలెనను నియమము 2017 జనవరి నుండి అమలులో ఉన్నది. అదిగాక, 2005 చట్టములోని 21వ విభాగము క్రింద, తన అర్జీ విషయమున బ్యాంకు తెప్పించుకొన్న నివేదిక నకలును అర్జీదారుడు ఆ బ్యాంకునే అడుగవచ్చును. నివేదిక చేతికి వచ్చిన తరువాత మొదట చూడవలసినది స్కోరు కాదు, లోపలి పద్దులు. తీర్చివేసిన స్కూటరు అప్పు ఇంకను ఉన్నట్లే కనబడవచ్చును. ఎన్నడో మరచిపోయిన క్రెడిట్ కార్డు వార్షిక రుసుము బాకీగ పెరిగి ఉండవచ్చును. వడ్డీలో కొంత తగ్గించి అప్పు "సెటిల్" చేసినామని బ్యాంకువారు నవ్వుతూ పంపిన పాత బాకీ, నివేదికలో "సెటిల్డ్" అను ముద్రతో నిలిచి ఉండును. ఆ మాట వినుటకు శుభముగ తోచును గాని, దాని అర్థము అప్పు పూర్తిగ చెల్లలేదని. మిగిలినది కట్టి, పూర్తిగ ముగిసినట్లు లేఖ పుచ్చుకొని, నివేదికలో "క్లోజ్డ్" అని మార్పించుకొనవలెను.

మనవారిలో మరొక అలవాటు కలదు. తోటి ఉద్యోగి అడిగినాడనియో, బావమరిది మొహమాటపెట్టినాడనియో జామీను సంతకము చేయుట. ఆ అప్పు హామీదారుని నివేదికలో కూడ చేరును. వాడు కిస్తీలు తప్పినచో ఆ తప్పు ఇచ్చట కూడ ప్రత్యక్షమగును. దీనికి దిద్దుబాటు లేదు. వాడిచేత కట్టించుట, లేనిచో తాను కట్టుట, ఈ రెండే మార్గములు.

నివేదికలో నిజముగ తప్పు ఉన్నచో, ఆ సంస్థ యొక్క వెబ్‌సైటులో ఫిర్యాదు చేయవచ్చును. 30 దినములలో పరిష్కరింపవలెను. ఆపైన జరుగు ఆలస్యమునకు దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము ఇయ్యవలెనను ఉత్తరువు 2023 అక్టోబరులో వెలువడి, 2024 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినది. ఫిర్యాదుకు జవాబు రాకున్నను, వచ్చినది సంతృప్తికరముగ లేకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. ఈ సమీకృత పద్ధతి 2021 నవంబరులో ప్రారంభమైనది. 2022 సెప్టెంబరు నుండి పరపతి సంస్థలు కూడ దాని పరిధిలోనికి వచ్చినవి.

ఆరు నెలలు ఆగవలెనని జనములో ఒక మాట ప్రచారములో ఉన్నది. అట్టి చట్టము ఏదియు లేదు. ఒక్కొక్క బ్యాంకునకు తన లోపలి కట్టుబాటు ఉండవచ్చును గాని, ఆగవలసిన కాలము కారణమును బట్టి మారును. బ్యాంకులు పరపతి వివరములను పక్షమునకు ఒకసారియైనను పంపవలెనను నియమము 2025 జనవరిలో అమలులోనికి వచ్చినది. ఇదివరకు నెలకు ఒకసారి పంపెడివారు. కనుక చిన్న అప్పు ఒకటి తీర్చివేసినచో ఆ సంగతి కొద్ది వారములలో నివేదికకు ఎక్కును. కిస్తీలు తప్పిన చరిత్ర మాత్రము అంత త్వరగ మాసిపోదు. దానికి క్రమము తప్పని చెల్లింపులతో గడచు నెలలు కావలెను. అసలు ఎన్నడును అప్పు చేయనివారి సంగతి వేరు. స్కోరు లేదను ఒక్క కారణముతో మొదటిసారి ఋణము అడుగువారిని తిరస్కరించరాదని రిజర్వు బ్యాంకు చెప్పినట్లు కేంద్ర ఆర్థిక శాఖ 2025 ఆగస్టులో పార్లమెంటునకు తెలిపినది. అప్పు ఎరుగని జీవితము గడిపిన ఉపాధ్యాయులు, గృహిణులు ఈ సంగతి గుర్తుంచుకొనదగును.

ఇక ఆదాయము. అమీర్‌పేటలో ఇది ప్రత్యేకమైన చిక్కు. ఆదిత్య ఎన్‌క్లేవు మేడలలో, చుట్టుప్రక్కల వీధులలో పాఠములు చెప్పువారికి, హాస్టళ్ళు నడుపువారికి సంపాదన ఉన్నది. కాని ఆ సంపాదన కాగితము మీద కనబడదు. జీతపు చీటీ ఉండదు, కొంత నగదుగ వచ్చును, కొంత ఫోను ద్వారా వచ్చును. బ్యాంకు చూచునది సాధారణముగ రెండు, మూడు సంవత్సరముల ఆదాయపు పన్ను రిటర్నులను. నెలకు లక్ష సంపాదించుచు, పన్నుకు భయపడి 4 లక్షల వార్షికాదాయము చూపినవారికి బ్యాంకు ఆ 4 లక్షల లెక్కనే ఋణము ఇచ్చును. ఇందు బ్యాంకును తప్పుపట్టుటకు మాకు నోరు రాదు.

జీతగాండ్రకు లెక్క సులభము. ఒకరికి చేతికి 60,000 రూపాయల జీతము వచ్చుచున్నది అనుకొందము. అందు సగము, అనగా 30,000 రూపాయలు, కిస్తీలకు పోవచ్చునని బ్యాంకు అంచనా వేసినది. వడ్డీ 8.5 శాతము, గడువు 20 సంవత్సరములు అయినచో, లక్షకు నెలకు సుమారు 868 రూపాయలు పడును. ఆ లెక్కన 34 లక్షల పైచిలుకు ఋణమునకు ఆయన అర్హుడు. కాని మోటారుసైకిలు, ఫోను, వివాహమునకు తెచ్చిన చేబదులు వంటి వాటికి ఇదివరకే నెలకు 9,000 కిస్తీలు ఉన్నచో మిగులునది 21,000 మాత్రమే. అప్పుడు అర్హత 24 లక్షలకు దిగిపోవును. తొమ్మిది వేల కిస్తీ పది లక్షల ఇంటిని మింగినది! ఇట్టివారు ఆరు నెలలు ఆగుటకంటె ఆ చిల్లర అప్పులను తీర్చి, తీరినట్లు లేఖలు జతపరచి, మరుసటి నెలలోనే అర్జీ పెట్టవచ్చును. ఉద్యోగము చేయు భార్యను సహ అర్జీదారుగ చేర్చుట మరొక మార్గము. ఉద్యోగుల పరపతి సంఘమునకు జీతములోనుండి కోత పడుచున్నచో అది జీతపు చీటీలోనే ఉండును. దాచుటకు ప్రయత్నింపరాదు.

కాగితముల విషయమున తెలుగువారికి మాత్రమే పట్టుకొన్న పీడ ఒకటి ఉన్నది. అది మన ఇంటిపేరు. ఆధారులో ఇంటిపేరు ముందు, పాన్ కార్డులో వెనుక, పదవతరగతి పత్రములో పొట్టి అక్షరము మాత్రమే. ఆడవారికి పుట్టింటి పేరు ఒకచోట, మెట్టినింటి పేరు మరొకచోట. ఇంగ్లీషులో వ్రాయుటలో ఒక లక్ష్మి మూడు విధములుగ ఉండును. యంత్రము వీరిని ముగ్గురు మనుష్యులుగ లెక్కించును. ఒక్కొక్కసారి వేరొకరి అప్పును తెచ్చి మన నివేదికలో పెట్టును కూడ. పాన్, ఆధారు, బ్యాంకు ఖాతా మూడింటను ఒకే విధముగ పేరు దిద్దించుకొనుట, పాత దస్తావేజులకు ఇద్దరును ఒకరేనని నోటరీ ప్రమాణపత్రము జతపరచుట అర్జీకి ముందే చేయవలసిన పని.

ఇంతవరకు చెప్పినది మనిషి సంగతి, కాగితముల సంగతి. అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములలో చాల అర్జీలు విరిగిపోవునది మూడవదాని మీద, అనగా ఇంటి మీద.

ఈ ప్రాంతము పాతది. స్వతంత్ర గృహములు పడగొట్టి లేపిన మూడంతస్తుల, ఐదంతస్తుల ఫ్లాట్లు ఇచ్చట కిక్కిరిసి ఉన్నవి. మెట్రో రైలు 2017 నవంబరులో అమీర్‌పేటకు, 2018 సెప్టెంబరులో పంజాగుట్టకు వచ్చిన పిమ్మట, ఊరి నాలుగు మూలలకు పోగల ఈ చోట ఇల్లు కావలెనను కోరిక మరింత పెరిగినది. కాని అనుమతి పొందిన నక్షా ఒకటి, కట్టిన కట్టడము మరొకటి అగుట ఇచ్చట అరుదు కాదు. నక్షాలో లేని పై అంతస్తు, కారు నిలుపు చోట వెలసిన గది, డాబా మీద "పెంట్‌హౌసు" అను గొప్ప పేరుతో లేచిన రేకుల ఇల్లు, ఇవి అన్నియు అమ్ముడుపోవుచునే ఉండును. రిజిస్ట్రేషను కూడ జరుగును. రిజిస్టరు అయినది గనుక అన్నియు సక్రమమే అని కొనువారు తలంతురు. సబ్ రిజిస్ట్రారు చూచునది దస్తావేజును. నక్షాను చూచునది బ్యాంకు.

బ్యాంకు ఇట్లు చూచుటకు కారణము కలదు. అనుమతి లేని కట్టడములకు ఋణము ఇయ్యరాదనియు, అనుమతి పొందిన నక్షా నకలు తీసుకొనవలెననియు, ఢిల్లీ హైకోర్టు ఆదేశములను అనుసరించి రిజర్వు బ్యాంకు 2006 నవంబరులో బ్యాంకులకు తెలిపినది. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు మరొక అడుగు ముందుకు వేసినది. కట్టడము పూర్తి అయినట్లు, నివాసయోగ్యమైనట్లు పురపాలకుల పత్రమును చూచిన తరువాతనే కట్టడము హామీ మీద ఋణము ఇయ్యవలెనని ఆదేశించినది. ఆ పత్రమునే మనవారు "ఓసీ" అందురు. పంజాగుట్టలో ముప్పది సంవత్సరముల నాటి ఫ్లాటు అమ్మువానిని ఓసీ అడిగి చూడుడు. ఆయన ముఖము చూడవలెను.

ఇప్పుడు మా కథ చెప్పెదము. 2018లో పంజాగుట్టలో ఒక ఫ్లాటు చూచుకొని, 5 లక్షలు బయానా ఇచ్చి, ఒక బ్యాంకులో అర్జీ పెట్టినాము. బ్యాంకు పేరు అక్కరలేదు. మా జీతము ప్రభుత్వ జీతము. అప్పులు లేవు. మంజూరు తప్పదని మిఠాయి కూడ పంచినాము. నెల రోజులకు "నిబంధనలకు అనుగుణముగ లేదు" అని ఒక పంక్తి వచ్చినది. ఇంటిలో అందరి చూపులు మా మీదనే. మేము ఎచ్చటనో అప్పు చేసి దాచినామని మా మామగారికి అనుమానము. వ్రాతపూర్వకముగ కారణము అడుగగ పది దినములకు జవాబు వచ్చినది: "సదరు ఫ్లాటు పురపాలక సంస్థకు తనఖాలో ఉన్న భాగములోనిది. విడుదల దస్తావేజు దాఖలు కాలేదు."

దీని మర్మము చెప్పవలెను. మన నగరములో 2006 నాటి నిర్మాణ నియమముల నుండి ఒక కట్టుబాటు ఉన్నది. 2012 నియమములలో కూడ అది కొనసాగినది. ఫ్లాట్లు కట్టువాడు నక్షా తప్పకుండ కట్టుటకు హామీగ, మొత్తము కట్టుబడి వైశాల్యములో పదవ వంతును పురపాలక సంస్థకు తనఖా పెట్టవలెను. కట్టుట ముగించి, తనిఖీ జరిపించి, ఓసీ పుచ్చుకొన్నపుడు ఆ భాగము విడుదలగును. మా భవనము కట్టినవాడు నక్షాను అతిక్రమించినాడు. అందువలన ఓసీకి వెళ్ళలేదు. తనఖా విడిపించలేదు. ఆ భాగములోని ఫ్లాటునే ఒకరికి అమ్మినాడు. ఆ ఒకరు రొక్కమిచ్చి కొన్నారు గనుక ఏ బ్యాంకును తడుమలేదు. పదిసంవత్సరములకు మాకు అమ్మజూపినారు. పాపము, ఆయనకును ఈ సంగతి తెలియదు.

మేము ఈసీ తీయించకపోలేదు. కాని గడచిన పది సంవత్సరములకు మాత్రమే తీయించినాము. తనఖా అంతకు ముందటిది. తెలంగాణ రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో 1983 నుండి ఈసీ దొరకును. ముప్పది సంవత్సరములకు చూచి ఉన్నచో మా మిఠాయి ఖర్చు మిగిలెడిది. అదే విధముగ, ఆ ఇంటి మీద మరొక బ్యాంకు అప్పు ఉన్నదా అని 2011లో ఏర్పడిన సెర్సాయ్ అను కేంద్ర రిజిస్ట్రీలో స్వల్ప రుసుముతో ఎవరైనను వెదకవచ్చును.

ఆ ఫ్లాటుకు మరి నాలుగు బ్యాంకులలో అర్జీ పెట్టి ఉన్నచో ఏమయ్యెడిది? నిరాకరించిన బ్యాంకు తప్పు చేయలేదు. మా మనస్సులో మాట చెప్పవలెనన్నచో, కొంత కాలము దానిని తిట్టి, తరువాత కృతజ్ఞులమైనాము. అతిక్రమణలను క్రమబద్ధము చేయు పథకములు 2007 చివర ఒకటి, 2015లో మరొకటి వచ్చినవి. రెండవది హైకోర్టు వివాదములో చిక్కుకొన్నది. దాని తీర్పునకై వేచియుండు ఓపిక మాకు లేకపోయినది. ఆ సంవత్సరమే సనత్‌నగరులో ఓసీ గల ఒక చిన్న ఫ్లాటునకు అదే బ్యాంకులో, అదే జీతము, అదే పాన్ కార్డుతో మరల అర్జీ పెట్టినాము. మూడు వారములలో మంజూరైనది.

బయానా సంగతి అడుగవచ్చును. మా కార్యాలయములో పెద్దలు ఒకరు ఒప్పంద పత్రములో పట్టుబట్టి ఒక వాక్యము వ్రాయించినారు: "ఆస్తి పత్రముల లోపము వలన బ్యాంకు ఋణము నిరాకరించినచో బయానా పూర్తిగ తిరిగి ఇయ్యవలెను." ఆ వాక్యము వలన డబ్బు తిరిగి వచ్చినది, నాలుగు నెలలు తిరిగిన తరువాత. మా శ్రోత ఒప్పందములో ఆ వాక్యము లేదు. ఉత్తరములో మాకు అన్నిటికంటె బాధ కలిగించిన విషయము అదియే.

చేతి సొమ్ము తక్కువై అర్జీ ఆగుట కూడ ఉన్నది. రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము 30 లక్షల వరకు ఋణమునకు ఇంటి విలువలో 90 శాతము, 30 నుండి 75 లక్షల వరకు 80 శాతము, ఆపైన 75 శాతము మించరాదు. 60 లక్షల ఫ్లాటునకు గరిష్ఠముగ 48 లక్షలు. మిగిలిన 12 లక్షలు మనము తెచ్చుకొనవలెను. రిజిస్ట్రేషను ఖర్చు ఈ విలువలో చేరదు. తెలంగాణలో 2021 జూలైలో అది మొత్తము 7.5 శాతమునకు పెరిగినది. ఆ లెక్కన మరి నాలుగున్నర లక్షలు. ఇది చాలక, దస్తావేజులో 40 లక్షలు చూపి, మిగిలిన 20 లక్షలు చేతిలో ఇమ్మని అమ్మువాడు అడుగుట మన నగరములో వింత కాదు. బ్యాంకు దస్తావేజు విలువను బట్టియే ఇచ్చును. చట్టవిరుద్ధమగుట అటుంచి, కొనువానికే ఋణము తగ్గును. ఇదిగాక పాత భవనమునకు బ్యాంకు ఇంజనీరు మిగిలిన ఆయుస్సు తక్కువ వేసినచో, గడువు 20 సంవత్సరములకు మారుగ 10 సంవత్సరములే ఇచ్చును. కిస్తీ పెరుగును, అర్హత తరుగును. అప్పుడు కాదన్నది మనిషినా, ఇంటినా అని చెప్పుట కష్టము.

కారణము చక్కదిద్దిన పిమ్మట ఎచ్చట అర్జీ పెట్టవలెను? జీతము జమ అగు బ్యాంకునకే మరల వెళ్ళుట మేలని మా అభిప్రాయము. పాత నిరాకరణ లేఖను దాచక, దానిని ఉదహరించి, "ఆ లోపము ఈ విధముగ సవరింపబడినది" అని ఒక పుట వ్రాసి, సాక్ష్యములు జతపరుపవలెను. ఫైలు చూచు గుమాస్తాకు ఆ ఒక్క పుట చాల పని తగ్గించును. రుసుము మరల కట్టవలసి రావచ్చును. అర్జీకి ముందే అడిగి తెలిసికొనుట మంచిది. ఒక చోట తేలిన తరువాతనే రెండవ చోటికి పోవలెను.

మా జవాబు అందిన నెలకు ఆ శ్రోత మరల వ్రాసినారు. మొదటి బ్యాంకు వ్రాతపూర్వకముగ రెండు కారణములు చెప్పినదట. ఒకటి, ఆయన ఒక్క సంవత్సరపు రిటర్ను మాత్రమే దాఖలు చేసినారు. రెండు, నాలుగు సంవత్సరముల క్రిందట ఫోను కొనుటకు తీసుకొన్న 14,000 రూపాయల అప్పు "సెటిల్డ్" అని నివేదికలో ఉన్నది. ఫ్లాటు మీద ఆక్షేపణ లేదు. అది నిష్కళంకమైన ఫ్లాటు. అమ్మువారు జూలై వరకు ఆగుటకు ఒప్పుకొనలేదు. మరొకరు కొనుక్కొన్నారు. 3 లక్షల బయానాలో లక్షన్నర తిరిగి ఇచ్చినారు, మిగిలినదానికి తిరుగుచున్నారు. ఫోను బాకీలో మిగిలిన 2,200 రూపాయలు కట్టి లేఖ పుచ్చుకొన్నారు. రిటర్నులు ఇకమీదట ఉన్నది ఉన్నట్లు వేయుదుననియు, ఈసారి ఒప్పందములో వ్రాయించవలసిన వాక్యమును తెలుగులోను, ఇంగ్లీషులోను పంపవలసినదనియు కోరినారు. రెండును పంపినాము.